ధనుర్మాసంలో ఎలుకలకు పోసిన నీళ్ళు

ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పొద్దున అద్దం ముందు నామం దిద్దుకునేటప్పుడు అది అక్కడే ఉన్నట్టు తెలుస్తుంది. గోష్ఠిలో నలుగురితో కలిసి పాశురాలు చదివేటప్పుడు, గొంతు పైకి లేవాల్సిన చోట, ఇంకా బాగా తెలుస్తుంది. పక్కన నిలబడిన వాళ్ళకు అది భక్తితో గొంతు పూడుకుపోవడంలా కనిపిస్తుంది. నేను దాన్ని అలాగే కనిపించనిచ్చాను. అది ఇంకో తప్పు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. పేరు రాసే ధైర్యమే ఉంటే ఇది ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

మాది తిరుపతిలో ఒక వైష్ణవ కుటుంబం. మా వీధిలో ఉన్న చిన్న గుడిలో నాయన సేవాకాలం చేసేవారు. అంటే స్వామి ముందు పదిమంది గోష్ఠిగా నిలబడి ఆళ్వార్ల తమిళ పాశురాలు చదివే కైంకర్యం. నాకు అక్షరాలు రాకముందే పాశురాలు వచ్చాయి. సాయంత్రాలు కాలక్షేపమని పెద్దవాళ్ళు కూర్చుని శాస్త్రం చెప్పుకునేవారు. నాయన పక్కన చాప మీద కూర్చుని వినేవాణ్ణి. అక్కడ విన్న ఒక సంగతి తర్వాత చెబుతాను. నన్ను ఈ రోజుకూ వదలని సంగతి అదే.

తొంభైలు ముగిసే రోజుల్లో నేను మందుల శాస్త్రంలో పై చదువు చదువుతున్నాను. ఇంట్లో అది మందులు తయారుచేసే చదువని అనుకునేవారు. నేను కాదనలేదు. నా పని ఎలుకలతో. తెల్ల ఎలుకలకు మందు పోసి, కొన్నాళ్ళయ్యాక వాటిని చంపి, కోసి, లోపల ఏం పాడైందో చూడడం.

అప్పుడు రేణిగుంట పక్కన ఒక చిన్న మందుల ఫ్యాక్టరీ ఉండేది. వాళ్ళు ఒక నొప్పి మాత్ర చేశారు. అందరూ వాడే నొప్పి మందే, పైన ఏదో కొత్త పూత పూశారు. ఆ పూత వల్ల ఈ మాత్ర కడుపును పాడుచేయదని వాళ్ళ నమ్మకం. నిజమో కాదో తేల్చిపెట్టమని మా సారును అడిగారు. సారు ఆ పనిని నాకు అప్పజెప్పారు. మా అందరిలోకి నా మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. పొద్దున్నే లేచేవాణ్ణి, మాంసం ముట్టనివాణ్ణి, అబద్ధం ఆడనివాణ్ణి అని పదిమందిలో అనేవారు.

నొప్పి మందులు ఎలుకలను ఏం చేస్తాయో చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. కడుపులో పొర పుండవుతుంది. పేగుకు చిల్లులు పడతాయి. మూత్రపిండాలు దెబ్బతింటాయి. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక వాక్యం. చేతిలో పట్టుకున్నప్పుడు వాక్యం కాదు. మెడ మీది చర్మం పట్టి ఎలుకను పైకెత్తాలి. మొన గుండ్రంగా ఉండే వంకర సూదిని నోట్లోంచి కడుపు దాకా దించాలి. మాత్ర పొడిని బంకనీళ్ళలో కలిపి, సిరంజితో నెమ్మదిగా వదలాలి. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. దేవుడు దానికా వీలు ఇవ్వలేదు. మనం ఏది పోస్తే అది లోపల ఉంచుకోవాల్సిందే.

కొన్నిటికి మందు, కొన్నిటికి ఉత్త బంకనీళ్ళు. ఏది ఏదో తెలియడానికి వాటి వీపు మీద, తోక మీద పసుపు రంగుతో గుర్తులు పెట్టేవాళ్ళం. ఆ పసుపు నా వేళ్ళకు అంటుకునేది. ఇంట్లో అమ్మ చూసి గుడి పసుపనుకునేది.

మొదటి వారాల్లోనే మందు తాగిన ఎలుకల పెంటికలు నల్లబడ్డాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, వీపు గూనిలా వంచుకుని, మూలన కూర్చునేవి. రెండో మూడో చచ్చిపోయాయి. కోసి చూశాను. కడుపు లోపల గోళ్ళతో గీరినట్టు నల్లటి గీతలు. పేగులు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో చీము. పూత పూసినా మందు మందే. సారుకు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. కొనసాగించు, చివర్లో అన్నీ కోసి చూశాకే ఏ సంగతైనా చెబుదాం అన్నారు.

అప్పుడే ధనుర్మాసం వచ్చింది.

ఆ నెలంతా తెల్లవారకముందే గుడికి వెళ్ళాలి. గోష్ఠిలో నాయన పక్కన నా స్థానం. తీర్థం పట్టుకోవడానికి చెయ్యి చాపితే ఆ చెయ్యే నాకు కనిపించేది. పసుపు గుర్తులు పెట్టిన చెయ్యి. ఇంకో గంటకు ఎలుక మెడ పట్టుకోబోయే చెయ్యి. మొదటి రోజు తీర్థం నోట్లో పోసుకోలేక తలకు రాసుకుని వచ్చేశాను. రెండో రోజు ల్యాబులో ఎలుకల గది తలుపు తీసి, సిరంజి పట్టుకుని, ఒక పసుపు తోక ఎలుకను పైకెత్తాను. దాని ముక్కు చుట్టూ ఎర్రగా తడి. నాతో కాలేదు.

స్వామీ, ఈ నెలరోజులు నా చేత్తో హింస చేయను అని మనసులో మొక్కుకున్నాను. ఎవరికీ చెప్పని మొక్కు. ఆ పొద్దు నుంచి మందు పోయాల్సిన ఎలుకలకు కూడా బంకనీళ్ళే పోశాను. సూది దించడం మాత్రం మానలేదు, ఎవరైనా చూస్తే పని జరుగుతున్నట్టే కనిపించాలి కదా. మందు పోసినట్టే రోజూ సంతకం పెట్టాను. వెళ్ళేటప్పుడు మాత్ర పొడిని తొట్టిలో కడిగేసేవాణ్ణి.

సెలవు పెట్టి ఉంటే సరిపోయేది కాదా? మీరు అడగబోయేది ఇదే. నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. సెలవు పెడితే సారు ఇంకొకరికి ఆ పని ఇచ్చేవారు. ఎలుకలకు మందు పడేది, నా చెయ్యి శుభ్రంగా ఉండేది, ఫలితం నిజంగా ఉండేది. కానీ ఎందుకు సెలవని సారు అడిగేవారు, పని ఎందుకు మానావని నాయన అడిగేవారు. ఎలుకలను చంపే పనిలో ఉన్నానని గుడిలో తెలిస్తే గోష్ఠిలో నా స్థానం ఏమవుతుందోనని భయం. సారు దగ్గర మంచి విద్యార్థిగా ఉండాలి, స్వామి దగ్గర మంచి దాసుడిగా ఉండాలి. రెండింటిలో ఏదీ వదులుకోలేక నీళ్ళు పోశాను. దాన్ని కరుణ అనుకున్నాను. ఆ నెల పాశురాలు చదువుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారేవి, స్వామి నన్ను మెచ్చుకుంటున్నాడని అనుకున్నాను. ఎంత తేలికగా అనుకున్నానో.

ఎలుకలు కోలుకున్నాయి. వెంట్రుకలు నునుపెక్కాయి. పెంటికల రంగు మారింది. సంతోషించాను.

భోగి వెళ్ళాక అన్నిటినీ చంపాల్సిన రోజు వచ్చింది. ధనుర్మాసం అయిపోయింది కాబట్టి నా మొక్కు కూడా అయిపోయింది. గాజు జాడీలో ఈథర్ దూది వేసి ఒక్కొక్కటిగా నేనే దించాను. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఒక నెల నీళ్ళు పోసి కాపాడిన వాటిని నా చేత్తోనే చంపాను. కాపాడింది వాటిని కాదని ఆ రోజైనా నాకు తెలియాల్సింది.

సారు పక్కన నిలబడ్డారు. కడుపులు కోసి, ఉప్పునీళ్ళతో కడిగి, బెండు పలక మీద పరిచి, భూతద్దం పెట్టి చూశారు. మందు తాగిన కడుపు, నీళ్ళు తాగిన కడుపు, రెండూ ఒకే తీరు. పుండ్లు అప్పటికే మానిపోయి ఉన్నాయి. నెల రోజులు మందు పడకపోతే మానవా మరి. సారు భూతద్దం కింద పెట్టారు. తర్వాత, మొదట్లో చచ్చిపోయిన వాటి సంగతేమిటని అడిగారు.

అప్పుడైనా చెప్పొచ్చు. ఎలుకలు మాత్రమే పోయాయి, మనుషులెవరూ పోలేదు. సారు తిట్టేవారు, మళ్ళీ మొదలుపెట్టమనేవారు. అంతే.

సూది తప్పు దారిన పోయి ఉంటుంది సార్, మందు ఊపిరితిత్తుల్లో పడి ఉంటుంది, అప్పటికి నా చెయ్యి కుదరలేదు అన్నాను. కోసి చూసినదాన్ని కూడా నేను సరిగ్గా పోల్చుకోలేదేమో అన్నాను. తల వంచుకుని అన్నాను. మా వాళ్ళల్లో ఒక అలవాటు ఉంది. స్వామి ముందు నేను నీచుణ్ణి, ఏమీ చేతకానివాణ్ణి అని చెప్పుకుంటాం. నైచ్యం అంటాం. చిన్నప్పటి నుంచి ఆ మాటలు నాలుక మీద ఉన్నాయి. ఆ రోజు ఆ వినయమంతా సారు ముందు పరిచాను. చేయని చిన్న తప్పును మీద వేసుకుని, చేసిన పెద్ద తప్పును దాని కింద దాచాను. తప్పు ఒప్పుకునేవాణ్ణి ఎవరూ అనుమానించరు. సారు నా భుజం తట్టి, చెయ్యి జారి చచ్చినవి లెక్కలోకి రావన్నారు.

ఆ మాత్ర కడుపుకు హాని చేయదని మా రిపోర్టు వెళ్ళింది. ఫ్యాక్టరీ మనుషులు దాన్ని డాక్టర్లకు, మెడికల్ షాపులకు చూపించుకుంటూ తిరిగారు. కొండ మెట్లెక్కి దిగి మోకాళ్ళు పట్టుకున్న యాత్రికులకు షాపుల్లో ఆ మాత్రలు విడివిడిగా కత్తిరించి ఇచ్చేవారు. ఎవరు ఏ ఊరికి వెళ్ళిపోయారో, ఎన్నాళ్ళు మింగారో నాకు తెలియదు. తెలిసింది ఒక్కరి సంగతి.

మునెమ్మది తిరుచానూరు. అక్కడ రోడ్డు పక్కన కూర్చుని పూలు కట్టేది. రోజూ మధ్యాహ్నం బస్సెక్కి మా వీధి గుడికి తులసి మాలలు తెచ్చేది. నేను నిక్కర్లు వేసుకునే నాటి నుంచి నన్ను ఎరుగును. రోజంతా కాళ్ళు మడిచి కూర్చుని కూర్చుని ఆమె మోకాళ్ళు పోయాయి. గుడి మెట్టు ఎక్కేటప్పుడు గోడ పట్టుకునేది. తర్వాత్తర్వాత గోడ పట్టుకోవడం మానేసింది. ఒక రోజు గంప దించి, కొంగు ముడి విప్పి, మాత్రల అట్ట తీసింది.

"సామీ, ఇది సూడు. మోకాళ్ళకని మెడికల్ షాపాయప్ప ఇచ్చినాడు. నొప్పి సగమన్నా తగ్గింది, నేను కాదనను. దినామూ మింగితే కడుపు పుండయితాదని మా కోడలు నా పానం తీస్తా ఉండాది. నువ్వు ఈ సదువే గదా సదివినావు. నువ్వు సెప్పు."

అట్ట తిప్పి చూశాను. ఆ మాత్రే.

"ఏమీ కాదు మునెమ్మా," అన్నాను. "దీన్నే నా చేత్తో ఎలకలకు పోసి చూసినాను. కడుపులో ఒక్క పుండు లేదు."

"ఎలకలకా?" అని నవ్వింది. "నేను ఎలక్కంటే గట్టిదాన్నే గదా. అయినా సామీ, నువ్వు పోసింది మందేనా? మా పాలాయప్ప మాదిరి ఉత్త నీళ్ళు పోసి రాలేదు గదా?"

ఆమె ఎగతాళికే అంది. ఆమెకు ఏమీ తెలియదు. తెలిసే వీలు లేదు. గుడి ముందు ఎండలో నిలబడి ఇద్దరం నవ్వాం.

"మందే," అన్నాను.

ఆ ఒక్క మాట. దాన్ని చెప్పేటప్పుడు నేనేమనుకున్నాను? నిజం చెప్పాలంటే, అప్పటికి నేను కూడా కొంత నమ్మేశాను. రిపోర్టులో ఉంది, సారు సంతకం ఉంది, డాక్టర్లు రాస్తున్నారు. నేను నీళ్ళు పోశాననే సంగతి ఎక్కడో లోపలి గదిలో ఉంది, ఆ గది తలుపు నేను తీయను. మింగొద్దు అని ఊరకే చెప్పినా ఆమె మానేసేది. కారణం కూడా అడిగేది కాదు. కానీ కారణం అడుగుతుందేమోనని భయపడ్డాను.

మునెమ్మ శుక్రవారాలు అమ్మవారికి ఒక్కపొద్దు ఉండేది. ఉత్త కడుపుతోనే మాత్ర మింగేది. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మనిషి తెల్లబడిపోయింది. మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుని లేచేది. మోకాళ్ళు బాగున్నాయి సామీ, తల తిరుగుతా ఉండాది అంతే అనేది. ఆ ముఖాన్ని నేను చూశాను. రక్తం ఎక్కడికి పోతోందో తెలిసినవాణ్ణి ఆ వీధిలో నేనొక్కణ్ణే. ఎండకు, నిమ్మనీళ్ళు తాగు అని చెప్పాను.

తర్వాత కొన్నాళ్ళు తులసి రాలేదు. పూలు కడుతూ కడుతూ రక్తం కక్కుకుని పడిపోయిందని, తిరుపతి పెద్దాసుపత్రికి తెచ్చేసరికి చేయి దాటిపోయిందని, మెడికల్ షాపు దగ్గర ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను.

తిరుచానూరు వెళ్ళాను. ఆమె కోడలు గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమె తిడుతుందని వెళ్ళాను. తిడితే బాగుండునని వెళ్ళాను. ఆమె లేచి, చాప వేసి, కళ్ళు తుడుచుకుని అంది.

"మీరు సెప్పినారంటే మాయత్తకు అమ్మవారు సెప్పినట్టే సామీ. మాత్ర మానుకోమని నేను పోరితే, సామి ఎలకలకు పోసి సూసినాడంట, నీకేం తెలుసు అని నా నోరు మూయించేది."

ఆమె నన్ను నిందించడం లేదు. అత్తకు నా మీద ఎంత గురి ఉండేదో చెబుతోంది. నేను తల వంచుకున్నాను. దాన్ని కూడా ఆమె దుఃఖమనే అనుకుంది.

ఇప్పుడు, కాలక్షేపంలో విన్న సంగతి. స్వామికి చేసిన తప్పును స్వామి క్షమిస్తాడు. ఆయన మనుషులకు చేసిన తప్పును మాత్రం ఆయన క్షమించడు, క్షమించలేడు. దాన్ని భాగవతాపచారం అంటారు. ఎవరికి చేశామో వాళ్ళ కాళ్ళ మీదే పడాలి, వాళ్ళే మన్నించాలి. ఆయన మనుషులంటే నామం పెట్టుకున్న వాళ్ళేనా అని చిన్నప్పుడు నాయనను అడిగాను. ఆయనకు పూలు కట్టే చెయ్యి కూడా ఆయనదే అన్నారు నాయన. అప్పుడు అది నాకు అందంగా తోచింది.

మునెమ్మ లేదు. ఇక ఎవరి కాళ్ళ మీద పడాలి? ఏకాదశి ఉపవాసాలు చేశాను, మోకాళ్ళతో కొండ మెట్లు ఎక్కాను, ప్రతి ధనుర్మాసంలో చన్నీళ్ళు పోసుకున్నాను. ఇవన్నీ స్వామికి. స్వామికి నేను చేసిన తప్పు పెద్దగా ఏమీ లేదు. ఒక్కోసారి నాకు నేనే వకీలునవుతాను. ఏ నొప్పి మాత్ర మింగినా ఆమె కడుపు పుండయ్యేదే కదా, మా మాత్ర కాకపోతే షాపాయన ఇంకొకటి ఇచ్చేవాడు కదా అని వాదిస్తాను. నిజమే కావచ్చు. కానీ ఇంకో మాత్ర గురించి అడిగి ఉంటే, అన్నం తిని మింగు, దినామూ వద్దు అని చెప్పి ఉండేవాణ్ణి. ఈ మాత్రకే చెప్పలేకపోయాను.

సారు ఉద్యోగం దిగి పాకాలలో స్థిరపడ్డారు. చాలా ఏళ్ళ తర్వాత చూడడానికి వెళ్ళాను. మాటల మధ్యలో ఆయనే ఆ ఎలుకల సంగతి ఎత్తారు. ఆ ఫలితం ఈ రోజుకూ తనకు మింగుడు పడలేదని, ఏ పూత అయినా అంత బాగా కాపాడడం ఎక్కడా చూడలేదని, అక్కడ రోజూ ఉన్నది నువ్వే కాబట్టి నీకేమైనా తోచిందా అని అడిగారు. అనుమానంతో కాదు. తేలని లెక్క చివరిదాకా మనసులో ఉంచుకునే మనిషి ఆయన. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, లేదు సార్ అన్నాను. ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయారు. ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది, నా వల్ల కాదు. ఆ మాత్ర ఇప్పుడు ఎక్కడా దొరకదు. సరిదిద్దడానికి ఏమీ మిగల్లేదు.

ఒకసారి గోష్ఠిలో ప్రయత్నించాను. శాత్తుమొర, అంటే ముగింపు పాశురాలు, అయ్యాక అందరూ ఉండగా, నావల్ల ఒక ప్రాణం పోయింది, నేను పాపిని, ఈ తీర్థానికి తగను అన్నాను. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తల ఊపారు. ఎంత నైచ్యం చూడండి, వాళ్ళ నాయన పెంపకం అన్నారు. నాకు ముందుగా తీర్థం ఇప్పించారు. తాగాను.

ఇప్పుడు నాయన లేరు. ఆయన స్థానంలో నేను నిలబడుతున్నాను. మునెమ్మ కోడలు బస్సెక్కి తులసి తెస్తోంది. ఆమె కూడా ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని మెట్టెక్కుతోంది. ఏ మాత్ర వేసుకోవాలి సామీ అని ఇంకా నన్నే అడుగుతోంది. డాక్టరును అడగమ్మా అంటాను. మీకంటేనా సామీ అంటుంది.

ఇది చదివి మీరు నన్ను మన్నించనక్కర్లేదు. ఆ పని మీది కాదు. స్వామిది కూడా కాదు. ఇది కూడా నైచ్యమేనేమో, ఇక్కడ కూడా వినయం వెనక ఏదో దాస్తున్నానేమో అని రాసిన ప్రతి వాక్యాన్నీ తిరగేసి చూసుకున్నాను. ఏమీ కనబడలేదు. నన్ను నేను నమ్మను కాబట్టి ఆ మాట మీద కూడా నాకు నమ్మకం లేదు.

ఒక్క మాట మాత్రం ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడు ఈ గదిలో, ఎవరూ లేకుండా, పైకే అన్నాను. ఎవరికీ వినబడలేదు. గొంతులో అడ్డం కొంచెం జరిగింది.

మునెమ్మా, ఆ పొద్దు నువ్వడిగినావే. మందు కాదు. నీళ్ళే పోసినాను.